ఒక్క బిడ్డతో ఆగిపోవడానికి ఖర్చులే కారణమా?

ప్రశ్న: మా అత్తగారికి ఆరుగురు సంతానం, మాకు ఒక్క పాప. రెండో బిడ్డ గురించి ఎవరు అడిగినా ఖర్చులు భరించలేమంటున్నాము. అసలు కారణం అదేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఖర్చు నిజమైన కారణమే గానీ అదొక్కటే కాదు. మీ అత్తగారి కాలంలో పసిబిడ్డల మరణాలు ఎక్కువ; పొలం పనుల్లో చేదోడుగా, వృద్ధాప్యంలో ఆసరాగా నలుగురైనా మిగలాలన్న ఆలోచన ఎన్నో కుటుంబాలలో ఉండేది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక ఆ భయం తగ్గింది. ఆడపిల్లల చదువు, పెళ్లి వయసు పెరగడమూ తోడయ్యాయి. అయితే కేరళ అంతటి అక్షరాస్యత లేకుండానే మన రాష్ట్రంలో జననాలు తగ్గాయి. ఇద్దరు పుట్టగానే, చాలామంది పాతికేళ్లయినా నిండకముందే, స్త్రీలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవడం ఇందుకు ముఖ్య కారణం. ఆ భారమంతా స్త్రీల మీదే పడటం నాకు న్యాయంగా తోచదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.7 మాత్రమే, జనాభా స్థిరంగా ఉండటానికి సుమారు 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికలలో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను 2024లో తొలగించినది కూడా ఈ తగ్గుదలను చూసే.

ఇక గుంటూరు, విజయవాడలలో ఇంటర్ కోచింగ్ ఫీజులు చూసిన తల్లిదండ్రులు వెనుకాడటం సహజం. ఉద్యోగం చేసే తల్లికి పసిబిడ్డను ఎవరు చూస్తారన్నది అంతకన్నా పెద్ద చిక్కు. మీకు రెండో బిడ్డ కావాలనే ఉంటే, ఇంటిపనిలో మీ వారి వంతు ఎంతో ముందు మాట్లాడుకోండి. ముప్ఫై అయిదు దాటాక గర్భధారణ అవకాశాలు తగ్గుతాయి కనుక వైద్యురాలిని త్వరగా సంప్రదించండి. వద్దనుకుంటే బంధువులకు సంజాయిషీ చెప్పవలసిన పని లేదు.