తమ్ముడిని పనిలో పెట్టేముందు

అమ్మాయీ,

తమ్ముడికి భీమవరంలో పని చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పూనుకున్నందుకు ఎంత సంతోషించానో! కానీ "వాడికి రొయ్యలంటే ప్రాణం, ప్రాసెసింగ్ ప్లాంటులో చేర్చేద్దాం" అన్నావట. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు.

 

ఆటిజం ఉన్న పిల్లల విషయంలో అన్ని ఇళ్లల్లోనూ జరిగే పొరపాటే నువ్వూ చేస్తున్నావు. ఇష్టాన్ని చూస్తారు, చోటుని చూడరు. మిక్సీ తిరిగితేనే గదిలోంచి పారిపోతాడు కదే వాడు! ప్లాంటులో క్లోరిన్ వాసన, ఐసునీళ్లు, తడి గ్లౌజులు, కంప్రెసర్ల హోరు, సరుకుని బట్టి మారిపోయే పనివేళలు. రొయ్య జాతులన్నీ నోటికొచ్చినా అక్కడ చెవులు మూసుకుని ఓ మూల కూర్చుంటాడు. "పనికిరాడు" అంటారు. ఆ ముద్ర ఒకసారి పడితే మరోచోట అడగడానికి మీ నాన్నకి నోరు రాదు.

దానికి బదులు రొయ్యల చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబు చూడు. సీసా నంబరు, పీహెచ్, ఉప్పుశాతం, అమ్మోనియా, ఆల్కలినిటీ, రోజూ అదే వరస. బ్యూరెట్ అని గీతలున్న గాజుగొట్టం ఉంటుంది, దాంట్లోంచి మందు చుక్కచుక్కగా వదులుతూ నీళ్ల రంగు మారగానే ఆపాలి. వాడికున్న ఓపిక అక్కడ అక్కరకొస్తుంది. అయితే పొద్దున్నే రైతులు సీసాలతో మీదపడి "నాది ముందు చూడు బాబూ" అంటారు. సీసాలు తీసుకోడానికి వేరే మనిషుండాలి, వాడి బల్ల లోపలుండాలి.

ల్యాబు ఓనరుతో ఇంటర్వ్యూ వద్దని చెప్పు; వారం పాటు రోజుకి రెండు గంటలు చేయించి చూడమను. పని పురమాయించేది ఒక్కరే అవ్వాలి. "కాస్త చూసుకో" అంటే వాడికి అందదు. "ఈ ఆరు సీసాలకీ పీహెచ్ చూసి రాయి, అయ్యాక నాకివ్వు" అనాలి, అదే రాసి గోడకి అంటించాలి.

దాహమేసినా, తలనొప్పొచ్చినా, బాత్రూం ఎక్కడో తెలియకపోయినా పిచ్చితండ్రి నోరు తెరవడమ్మా. ఆ మూడింటికీ చూపించే కార్డులు రాసి జేబులో పెట్టు. జనరేటరు మోతకి చెవులకి పెట్టుకునేవి కొను. ఓనరుకి ఆటిజమని చెప్పే చేర్చు. జీతమూ ముందే తేల్చుకో. ఇంట్లో ఉండేకన్నా నయం కదా అని ఊరికే చేయించుకునేవాళ్లున్నారు. యుడీఐడీ కార్డుకీ, అదే వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే గుర్తింపు కార్డుకి, దరఖాస్తు పెట్టెయ్యి. వైకల్యం 40 శాతం, ఆపైన అని ధ్రువీకరిస్తే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగాల రిజర్వేషనుకి అర్హత ఉంటుంది.

మొదటిసారి ల్యాబుకి వాడిని తీసుకెళ్లకు. రద్దీ వేళ నువ్వొక్కదానివే వెళ్లి అరగంట కూర్చుని ఏం వినిపిస్తోందో, ఏం వాసనొస్తోందో రాసుకో. రాత్రికి ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ