రాతలు అన్నం పెడతాయా అని అడిగిన అమ్మకు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. టీవీ సీరియళ్ల మీద, క్రికెట్ మీద, రాజధాని గొడవ మీద తన అభిప్రాయాలు నోట్‌బుక్కుల నిండా రాస్తుంటుంది. రాజధాని మీద రాసింది చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసరికి వాళ్ల బాబాయి మా ఇంటికి రావడం మానేశాడు. డిగ్రీ అయ్యాక జర్నలిజం చేస్తానంటోంది. ఇలా రాస్తే కేసులవుతాయేమోనని నాకు భయం. తన పేజీలు కొన్ని పంపుతున్నాను. ఈ రాతలు అన్నం పెడతాయా? మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి అమ్మా. మీరు పంపిన పేజీలన్నీ రెండుసార్లు చదివాను. మీ అమ్మాయికి చూసే కన్ను ఉంది. కాకపోతే అన్నిచోట్లా దాన్ని వాడటం లేదు.

సీరియల్ మీద రాసిన పేజీ మీరు చదివారో లేదో. ఒక ఎపిసోడ్‌ని గడియారం పక్కన పెట్టుకుని చూసింది. ప్రకటనలు పోను 22 నిమిషాలు. అందులో మాటలు నడిచింది 9 నిమిషాలే. పెళ్లి ఆపమని అత్తగారు అన్న ఒక్క మాటకి ఏడుగురి ముఖాలు, ఒక్కొక్కటి మూడేసి సార్లు చూపించారట. దాని కింద ఇలా రాసింది: "వంటింట్లో ఉన్న అమ్మకి ఆ మ్యూజిక్ వింటేనే కథ తెలిసిపోతుంది. అందుకే అంత గట్టిగా పెడతారు." మిమ్మల్ని చూసి రాసిన వాక్యం అది. సీరియల్ బాగుంది, బాగాలేదు అని ఎవరైనా అంటారు. అది ఎవరి కోసం, ఎలా తయారవుతోందో పట్టుకోవడం చాలామందికి చేతకాదు. సీరియళ్లలో కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, డైలాగులు ఒకరు రాస్తారు. వారం వారం వచ్చే రేటింగ్ చూసి కథను మలుపు తిప్పుతారు. ఆ పని ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటుంది, తీరిక ఉండదు. అయినా ఈ పేజీ రాసిన అమ్మాయి ఆ కథలు రాసే గదిలో కూర్చోగలదు.

క్రికెట్ పేజీల్లో ఆ కన్ను కనబడలేదు. కోహ్లీ గురించి ఆమె రాసింది పదిమంది రాసిందే. మీ ఊరి అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. వ్యక్తిగత ఫైనల్లో స్కోరు 149-145. కాంపౌండ్ విల్లుతో, అంటే కొసల్లో కప్పీలుండే విల్లుతో, 50 మీటర్ల దూరం నుంచి 15 బాణాలు వేస్తారు, అన్నీ నడిమధ్యన పడితే 150. అంటే ఆ ఫైనల్లో ఆమె పోగొట్టుకున్నది ఒక్క పాయింటు. ఈ కాంపౌండ్ విభాగం ఒలింపిక్స్‌లోకి మొదటిసారి 2028లో, అదీ మిక్స్‌డ్ టీమ్‌కి మాత్రమే వస్తోంది. ఇన్నేళ్లూ ఎందుకు రాలేదు? ఆ ఒక్క పాయింటు పోయిన బాణం వేసేటప్పుడు చెయ్యి ఎలా ఉంటుంది? విజయవాడలో విలువిద్య నేర్చుకునే పిల్లలున్నారు. ఒక ఉదయం వెళ్లి నిలబడి చూసి రాయమనండి. స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేసే ఎవరికి చూపించినా చివరిదాకా చదువుతారు.

ఇక రాజధాని. మీ టెన్షన్ అంతా దీని గురించే కదా. పేజీన్నరలో "ద్రోహం" అన్న మాట ఆరుసార్లు వచ్చింది, ఒక్క అంకె లేదు. ఆమె ఏ పక్షమన్నది నాకు పట్టింపు కాదు, అభిప్రాయం ఉండటం తప్పు కాదు. కానీ రాజధాని ప్రాంతంలోని తుళ్లూరు మీకు గంట ప్రయాణం. 29 గ్రామాల రైతులు రాజధాని కోసం 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. బదులుగా ప్రభుత్వం ఇస్తానన్న కౌలు మొదటి ఏడాది ఎకరానికి జరీబు భూమికి, అంటే నీటి వసతి ఉన్న భూమికి, 50 వేలు, మెట్టకు 30 వేలు. ఒక రైతు ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కౌలు ఏ ఏడాది అందింది, ఏ ఏడాది ఆగింది, ఇస్తామన్న ప్లాటు ఎక్కడుంది అని అడగమనండి. భూమి లేని కూలీలనూ అడగమనండి, వాళ్ల లెక్క వేరు. రాజధాని మీద 2022 మార్చిలో హైకోర్టు ఇచ్చిన తీర్పు ఒకసారి చదవమనండి. అప్పుడు రాసిన పేజీలో "ద్రోహం" అన్న మాట అవసరం పడితే ఉంచుకోమనండి.

కేసులవుతాయేమోనని అడిగారు. విధానాన్ని విమర్శిస్తే భయపడక్కర్లేదు. ఫలానా మనిషి డబ్బు తిన్నాడని చేతిలో కాగితం లేకుండా రాస్తే మాత్రం పరువునష్టం కిందికి వస్తుంది, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో రెండేళ్ల వరకు శిక్ష ఉంది. ఈ తేడా ఆమెకు ఇప్పుడే తెలియాలి.

డబ్బు సంగతి దాచను. మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలితో పోల్చుకుంటే బాధ కలుగుతుంది. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులకు, పనిచేసే కంట్రిబ్యూటర్‌గా ఇల్లు గడవదు, ఆ దారిలో వెళ్లనివ్వకండి. బీకాం మాత్రం గట్టిగా చదివించండి. బ్యాలెన్స్ షీటు, బడ్జెట్ పుస్తకం చదవగలిగినవాళ్లు తెలుగు న్యూస్‌రూముల్లో తక్కువ. ఆమెకు అదే బలం అవుతుంది.

డిగ్రీ అయ్యాక మన నాగార్జున యూనివర్సిటీలోనే జర్నలిజం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, ఐఐఎంసీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐఎంసీకి అమరావతి క్యాంపస్ అని కనబడుతుంది, అది మహారాష్ట్ర అమరావతి, పొరబడకండి. పత్రికలు నడిపే స్కూళ్లలో శిక్షణప్పుడు భృతి ఇస్తారు, బదులుగా కొన్నేళ్లు అక్కడే పనిచేస్తానని ఒప్పందం రాయించుకుంటారు. సంతకం పెట్టేముందు మీరిద్దరూ కూర్చుని ప్రతి లైనూ చదవండి.

బాబాయిగారి విషయం. ఆదివారం అమ్మాయినే వాళ్లింటికి పంపండి. వాదించడానికి కాదు. ఆయన ఎందుకు అలా అనుకుంటున్నారో అడిగి, ఆయన మాటల్లోనే రాసి, ఆయనకే చదివి వినిపించమనండి. "అవును, నేనన్నది ఇదే" అని ఆయన అనేదాకా మళ్లీ రాయమనండి. ఆ పేజీ పూర్తయ్యాక నాకు పంపండి, చదువుతాను.