ఫోటోను వెనక్కి తిప్పి చూడు

మూలాపేట, నెల్లూరు

చిరంజీవి బుజ్జమ్మకు మామయ్య ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. బెంగళూరు మ్యూజియంలో ఫోటోగ్రఫీ విభాగంలో నీకు ఏడాది ఇంటర్న్‌షిప్ వచ్చిందని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఆ గొంతుతోనే "ఎం.ఏ. చదివి పాత ఫోటోలు దులుపుతుందా?" అని కూడా అడిగింది. దులపడం అందరికీ చేతనయ్యే పని కాదని చెప్పాను. ఆమెకు ఆ జవాబు నచ్చినట్టు లేదు. ఉద్యోగం చేసినంత కాలం నేను చేసింది ఇదే పని కాబట్టి, నీకైనా ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకో. మ్యూజియంలో ఫోటోగ్రఫీ విభాగం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి విగ్రహాలనూ చీరలనూ నాణేలనూ ఫోటోలు తీసే విభాగం. రెండోది ఫోటోలనే వస్తువులుగా భద్రపరిచే విభాగం. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నీది రెండోదే, అయినా ఉత్తర్వు మరోసారి చదువుకో. అక్కడ కెమెరా నీ చేతికి వచ్చేది తక్కువ. మెడలో కెమెరా వేసుకుని తిరిగే సరదా ఉంటే ఆదివారాలు ఉన్నాయి. నీకు అప్పగించేది పెట్టెలు తెరవడం, ఫోటోలు చూడడం, రాయడం. అందులోనూ ముఖ్యంగా రాయడం. ఎవరు తీశారు, ఎవరిని తీశారు, ఎప్పుడు, ఎక్కడ, ఎలాంటి కాగితం మీద, ఎవరింటి నుంచి వచ్చింది అనే వివరాలు లేని ఫోటో స్టోర్ గదిలో ఉన్నా లేనట్టే. దాన్ని అడిగేవాడు ఉండడు, అడిగినా తీసి చూపించగలిగేవాడు ఉండడు.

అందుకే ఏ ఫోటో చేతికి వచ్చినా బొమ్మ దగ్గరే ఆగిపోకుండా వెనక్కి తిప్పి చూడు. మన వైపు ఇళ్ల నుంచి వెళ్లిన ఫోటోల వెనక తెలుగులో ఏదో ఒకటి రాసి ఉంటుంది. అది చదవగలిగేవాళ్లు లేనిచోట రికార్డులో "వెనక తెలుగు రాత ఉంది, తేదీ లేదు" అని రాసి పెట్టెలో పడేస్తారు. తేదీ నిక్షేపంగా ఉంటుంది. "ఆంగీరస, మాఘ శుద్ధ పంచమి" అని సిరాతో రాసి ఉంటే అంతకంటే తేదీ ఇంకేం కావాలి?

అయితే ఆ తేదీతో రెండు చిక్కులున్నాయి. ఆంగీరస అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1872లో వచ్చింది, 1932లో వచ్చింది, 1992లో వచ్చింది. వీటిలో ఏది అన్నది కాగితం చెప్పాలి. ప్రింటును భూతద్దం కింద పెట్టు. కాగితం పల్చగా ఉండి అట్టకు అంటించి ఉందా? కాగితపు పీచు కనిపిస్తోందా? తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపు తిరిగాయా? అయితే అది కోడిగుడ్డు తెల్లసొన పూసిన అల్బ్యుమెన్ ప్రింటు. 1850లో మొదలైన ఆ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా రాజ్యమేలింది, కాబట్టి 1872 అనుకోవచ్చు. పీచు కనిపించకుండా నున్నగా ఉండి, ఏటవాలుగా పట్టుకుంటే అంచుల్లో నల్లటి చోట వెండి మెరుపు తేలుతుంటే అది జెలటిన్ అనే జంతు జిగురులో వెండి లవణాలు కలిపి పూసిన జెలటిన్ సిల్వర్ ప్రింటు. నా ఓటు 1932కు. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం మీద రంగుల్లో ఉంటే 1992. భూతద్దంలో చుక్కలు వరుసలు కట్టి కనిపిస్తే అది అసలు ఫోటో ప్రింటే కాదు, అచ్చుయంత్రం మీద వేసిన బొమ్మ.

రెండో చిక్కు ఇంకా చిన్నది, కానీ ఎక్కువమంది పప్పులో కాలేసేది అక్కడే. ఆంగీరస 1932 ఉగాదికి మొదలై 1933 ఉగాది ముందురోజు దాకా ఉంటుంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. కాబట్టి ఆ మాఘమాసపు పెళ్లి ఫోటోకు 1933 అని రాయాలి. పంచాంగం చూసే ఏ ముసలమ్మకైనా ఇది వేళ్ల మీది లెక్క. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు 1932 అని రాయడం నేను చూశాను. ఇంత చేశాక కూడా ఆ సిరా రాత ఫోటో తీసిన రోజుదా, ఆ తర్వాత ఎవరో గుర్తు కోసం రాసిందా అనే అనుమానం మిగులుతుంది. మిగిలితే మిగిలిందని రాయి. "వెనక రాత ప్రకారం" అనే మూడు మాటలు ముందు పెట్టు, చాలు.

ఊళ్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. 1950లో ఒంగోలులో తీసిన ఫోటోకు "ప్రకాశం జిల్లా" అని రాసేసి వదిలేయకు. అప్పుడు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి 1970లో ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మీ కందుకూరు కథ అయితే మరీ విచిత్రం. 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. ఊరు ఉన్నచోటే ఉంది పాపం. 1953 అక్టోబరుకు ముందు ఫోటో అయితే రాష్ట్రం కూడా మద్రాసే. తీసిననాటి జిల్లా ఒక గడిలో, ఇప్పటి జిల్లా మరో గడిలో రాయి. ఒకే గడి ఉంటే రెండోది అడిగి పెట్టించుకో. ఇంటర్న్ మాట ఎవరు వింటారులే అనుకోకు. కారణం చెప్పి అడిగితే వింటారు.

పాత శీర్షికల జోలికి వెళ్లేటప్పుడు నిదానించు. 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసులో అమరావతి శిల్పాలను ఫోటోలు తీశాడు. ఆ శిల్పాలకు "ఎలియట్ మార్బుల్స్" అనే పేరు స్థిరపడింది, 1845లో వాటిని తవ్వించిన వాల్టర్ ఎలియట్ దొర పేరుమీద. ఫోటోలు తీసిన మరుసటి ఏడాదే, 1859లో, ఆ శిల్పాల్లో చాలా భాగం లండన్‌కు ఓడెక్కాయి. రికార్డులో పాత పేరొక్కటే ఉంటే, అమరావతి అని వెతికేవాడికి ఆ ఫోటోలు దొరకవు. పాత పేరును కొట్టేస్తే, పాత పుస్తకాలు పట్టుకుని వచ్చేవాడికి దొరకవు. పాత శీర్షికను కొటేషన్ గుర్తుల్లో ఉన్నదున్నట్టు ఉంచి, నీ వివరణ పక్కన రాయాలి.

మనుషుల ఫోటోల దగ్గర ఇది ఇంకా ముఖ్యం. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. మనుషుల ముక్కులూ తలలూ కొలిచిన కాలం అది. మన వైపు యానాదుల గురించి కూడా అందులో చాలా రాశాడు. ఆనాటి ఇలాంటి ఫోటోల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరో తెగ పేరో ఉంటుంది. నువ్వు కూడా "యానాది స్త్రీ" అని రాసి ఊరుకుంటే థర్‌స్టన్ పని పూర్తి చేసినట్టే. "పేరు నమోదు చేయలేదు" అని రాయి. నమోదు చేయనివాడి లోపం అక్కడ తెలియాలి. ఆమె పట్టుకున్న బుట్ట, మెడలోని పూసలు, వెనకనున్న గుడిసె కప్పు, కనిపించినవన్నీ రాయి. ఏదో ఒకరోజు వాళ్ల మునిమనవరాలు వచ్చి గుర్తుపట్టడానికి అవే ఆధారం. "చారిత్రాత్మకమైన", "అపురూపమైన" అనే విశేషణాలు మాత్రం నీ రికార్డులో కనిపించకూడదు. పెట్టెలో ఉన్నవన్నీ అపురూపమైనవే అయితే ఆ మాట దేనికి?

ఇక చేతి పని. తెల్లటి నూలు గ్లవ్స్ టీవీలో బాగుంటాయి. వాటితో పట్టు జారుతుంది, పోగులు అంచులకు తగులుకుంటాయి. ఫోటోలకు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లవ్స్ వాడాలి. పల్చటి ప్రింటును వేళ్లతో ఎత్తకు, కింద అట్ట పెట్టి రెండు చేతులతో ఎత్తు. వెనక నంబరు వేయాలంటే మెత్తటి పెన్సిల్, అంచున, తేలికగా. బాల్‌పెన్ ఆ గదిలోకే తీసుకెళ్లకు. గాజు నెగెటివ్‌లు నిలువుగా, పొడవు అంచు కింద ఉండేలా ఉంచాలి. పగిలినవి మాత్రమే పడుకోబెట్టాలి. ఫిల్ముల డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవుతున్నట్టు లెక్క, వెంటనే పైవాళ్లకు చెప్పు. 1950ల మొదటికంటే ముందు ఫిల్ము అయితే అది నైట్రేట్ అనే, తేలిగ్గా మండే ప్లాస్టిక్‌తో చేసినది కావచ్చు. దానికి నిప్పు అంటుకుంటే ఆర్పడం ఎవరివల్లా కాదు. నైట్రేటా కాదా అని నువ్వు పరీక్షలు పెట్టకు.

మన ఇళ్ల నుంచి వచ్చిన ఫ్రేముల గురించి అక్కడివాళ్లకు నువ్వు చెప్పాల్సి రావచ్చు. పోయినవాళ్ల ఫోటోలకు బొట్టు పెడతాం కదా, ఆ కుంకుమ అద్దం మీద అట్టకట్టి ఉంటుంది. ఎవరైనా మురికి అనుకుని తడిగుడ్డ తీస్తే ఆపు. ఆ ఇంట్లో ఆ ఫోటోను ఎలా చూసుకున్నారో చెప్పేది ఆ బొట్టే. అది తుడవాలా వద్దా అనేది సేకరణ బాధ్యత చూసే క్యూరేటర్, వస్తువులను పాడవకుండా కాపాడే కన్జర్వేటర్ కూర్చుని తేల్చాల్సిన విషయం. తీరప్రాంతపు ఉక్కకు జెలటిన్ మెత్తబడి ఫోటో అద్దానికి అతుక్కుపోవడం కూడా మామూలే. అద్దం వెనక చూస్తే తడిసినట్టు నిగనిగలాడే మచ్చ ఒకటి కనిపిస్తుంది, దాని అంచు మ్యాపులో దీవిలా వంకరటింకరగా ఉంటుంది. అంటుకున్నది సరిగ్గా ఆ మేరకే. దాన్ని పీకావా, మొహం అద్దంతో వస్తుంది, కాగితం నీ చేతిలో మిగులుతుంది. అద్దంతో సహా ఉన్నదాన్ని ఉన్నట్టే డిజిటల్ కాపీ తీయించి, మిగతాది కన్జర్వేటర్‌కు వదిలేయి. 2021 నవంబరులో పెన్నా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు తడిసిన ఆల్బములు పట్టుకుని తెలిసినవాళ్లు నా దగ్గరకు వచ్చారు. ఎండలో ఆరబెట్టినవాళ్ల ఫోటోలు ఇటుకలా ఒకటైపోయాయి. తడిగా ఉండగానే మంచినీళ్లలో ముంచి ఒక్కొక్కటే విడదీసి, బొమ్మ పైకి పెట్టి నీడలో ఆరబెట్టినవాళ్లకు చాలావరకు దక్కాయి.

వస్తువులను ఫోటో తీసే గదిలోకి వెళ్లే అవకాశం వస్తే తంజావూరు చిత్రాన్ని తీసే రోజు తప్పకుండా వెళ్లు. తళుకు పోవడానికి లైట్లకూ లెన్సుకూ పోలరైజర్లు, అంటే మెరుపును వడకట్టే ఫిల్టర్లు, పెడతారు. రంగులు అద్భుతంగా వస్తాయి, బంగారు రేకు మాత్రం మాడిపోయినట్టు నల్లబడుతుంది. అందుకని పోలరైజర్ తీసి ఇంకోటి తీస్తారు. ఏ ఫోటో కూడా మొత్తం నిజం చెప్పదని పుస్తకాలు చదివి తెలుసుకునేకంటే అక్కడ నిలబడి చూడడం మేలు.

హక్కుల గురించి రెండు ముక్కలు. 2012 సవరణ తర్వాత మన కాపీరైటు చట్టం కింద ఫోటోకు కూడా తీసినవాడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంది. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్నదైతే, వేరే ఒప్పందం లేనంతవరకు తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. స్టూడియో ముద్ర ఉంది కాబట్టి స్టూడియోవాళ్లదే అని రాసేయకు. స్టోర్ గదిలో కనిపించినదాన్ని ఫోనుతో తీసి స్నేహితులకు పంపకు, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. ఆ పెళ్లికూతురు ఇంకా బతికే ఉండవచ్చు.

అక్కడ మనుషులతో ఎలా మెలగాలో నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. క్యూరేటర్లు మారుతుంటారు, స్టోర్ అటెండర్ మారడు. ఏ పెట్టె ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ బీరువా వానాకాలంలో చెమరుస్తుందో అతనికే తెలుసు. అతను చెప్పినవి కూడా రాసుకుని, రికార్డులో అతని పేరు పెట్టు. వెళ్లేటప్పుడు నెల్లూరు మలై కాజా ఓ కిలో తీసుకెళ్లు. క్యాంటీన్‌లో పంచు, స్టోర్ గది ఛాయలకు మాత్రం తీసుకెళ్లకు. తీపి వాసనకు వచ్చే బొద్దింకలు జెలటిన్‌ను కూడా వదలవు.

అన్ని పనుల్లోనూ వేలు పెట్టాలని నీకు అనిపిస్తుంది, ప్రదర్శనల హడావిడిలో నిన్ను అటూ ఇటూ లాగుతారు కూడా. మొదటి నెలలోనే ఒక చిన్న పెట్టె అడిగి తీసుకో, తెలుగు రాతలున్నది అయితే మరీ మంచిది. ఏడాది ముగిసేలోపు అందులోని ప్రతి ఫోటోకూ నీ రికార్డు పూర్తి కావాలి. తర్వాత ఉద్యోగానికి ఎక్కడికి వెళ్లినా "ప్రదర్శనకు సహకరించాను" అన్న వాక్యం కంటే ఆ పెట్టె నంబరు ఎక్కువ పలుకుతుంది.

చేరే ముందు ఒప్పందం కాగితం ఒకసారి నాకు పంపు. స్టైపెండ్ ఏ తేదీకి ఇస్తారో, సెలవులు ఎన్నో, నువ్వు రాసిన వివరణల కింద నీ పేరు వేస్తారో లేదో అందులో ఉండాలి. పేరు సంగతి లేకపోతే సంతకం పెట్టకముందే అడుగు, ఎలా అడగాలో తెలియకపోతే ఫోను చెయ్యి. సాయంత్రం ఆరు తర్వాత అయితే ఇంట్లోనే ఉంటాను.

నీ మామయ్య