తొడలోని గడ్డకు సూది వేయించే ముందు

కళ్యాణదుర్గం దగ్గర గొర్రెలు కాసే మీ నాన్నగారి తొడలో రెండేళ్లుగా నొప్పి లేకుండా పెరుగుతున్న గడ్డను సూదితో గుచ్చి పరీక్షిస్తామన్నారని రాశారు. దయచేసి ఆ పని ఇప్పుడే చేయించకండి, అది హైడాటిడ్ తిత్తి (నీరు నిండిన సంచి లాంటి గడ్డ) కావచ్చు. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే ఈ తిత్తి ఎక్కువగా కాలేయంలో, ఊపిరితిత్తుల్లో కనిపించినా, అరుదుగా కండరంలోనూ పెరుగుతుంది. గుచ్చినప్పుడు లోపలి నీరు బయటికి కారితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు, చుట్టుపక్కల కొత్త తిత్తులూ పుట్టవచ్చు. ముందుగా అల్ట్రాసౌండ్, ఎమ్మారై తీయించండి. పెద్ద తిత్తి లోపల ద్రాక్షగుత్తిలా పిల్లతిత్తులు కనిపిస్తే అనుమానం బలపడుతుంది, రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా ఊరుకోకూడదు. కాలేయాన్నీ ఛాతీనీ తప్పక చూపించండి. చికిత్స సాధారణంగా తిత్తిని పగలనివ్వకుండా మొత్తంగా తీసివేయడమే. దానికి ముందూ తర్వాతా పురుగుల మందు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. రోజుకు 2 సార్లు భోజనంతో ఇస్తారు, అది కాలేయంపై ప్రభావం చూపవచ్చు కాబట్టి కాలేయ పరీక్షలు మధ్యమధ్యలో చేయిస్తూ ఉండాలి.