ఎస్‌క్యూలైట్ వాడితే ఇంటర్వ్యూలో చులకనవుతానా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. గ్రంథాలయంలో పుస్తకాలు ఎవరు తీసుకెళ్లారో లెక్క చూసే అప్లికేషన్ జావాలో రాస్తున్నాను. ఒకే కంప్యూటర్ మీద, నెట్ లేకుండా నడవాలి. ఎస్‌క్యూలైట్ పెడదామంటే స్నేహితులు "అది బొమ్మ డేటాబేస్, రెజ్యూమెలో చూస్తే నవ్వుతారు, మైఎస్‌క్యూఎల్ పెట్టు" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఎస్‌క్యూలైటే పెట్టండి. ఆ బొమ్మ మాట అన్న స్నేహితుడి జేబులో ఉన్న ఫోన్ ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా దాంట్లో ఉన్నది ఇదే, అతను రోజూ తెరిచే క్రోమ్ లోపలా ఇదే. 2000లో రిచర్డ్ హిప్ దీన్ని తయారు చేసింది కూడా ఒక యుద్ధనౌక సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నప్పుడు, డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా తమ ప్రోగ్రాం కూడా మూలపడుతోందన్న చిరాకుతోనే.

మీ అప్లికేషన్‌కీ అదే గొడవ. మైఎస్‌క్యూఎల్ పెడితే ఆ గ్రంథాలయం కంప్యూటర్‌లో సర్వర్ ఇన్‌స్టాల్ చేయాలి, పాస్‌వర్డ్ పెట్టాలి, ఒకరోజు అది స్టార్ట్ కాకపోతే ఫోన్ మీకే వస్తుంది. ఎస్‌క్యూలైట్ మీ ప్రోగ్రాం లోపలే ఉండే లైబ్రరీ, డేటా అంతా ఒక ఫైలు. ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నవాడిగా చెబుతున్నా, డేటాబేస్ పేరు చూసి మార్కులు వేసేవాళ్లు తక్కువ. "ఇదే ఎందుకు?" అని అడిగితే "సీనియర్లు వాడారండీ" అన్న జవాబు దగ్గరే చాలామంది దొరికిపోతారు.

మరి ఇది ఎక్కడ పనికిరాదో కూడా మీరే ముందు చెప్పాలి. ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. వాల్ మోడ్ (మార్పుల్ని ముందు పక్కన వేరే ఫైలులో రాసుకునే పద్ధతి) ఆన్ చేస్తే ఒకరు రాస్తుండగా మిగతావాళ్లు చదువుకోవచ్చు, కానీ రాసేవాడు మాత్రం ఒక్కడే. రేపు ఐదు కౌంటర్లు పెట్టాం, ఫైలుని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టేద్దామా అంటారు చూడండి, అది మాత్రం వద్దు. ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయకుండా ఆపే ఫైల్ లాకింగ్‌ని నెట్‌వర్క్ ఫోల్డర్లలో నమ్మలేం, వాల్ మోడ్ అయితే అన్ని ప్రోగ్రాంలూ ఒకే కంప్యూటర్‌లో ఉంటేనే పనిచేస్తుంది. ఆ రోజు వస్తే పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్‌కి మారడమే.

ఎస్‌క్యూలైట్‌లాగా ప్రోగ్రాం లోపలే ఉండేవి ఇంకొన్ని ఉన్నాయి. పూర్తిగా జావాలో రాసిన హెచ్2 టెస్టులకి బాగుంటుంది. లక్షల వరుసల మీద మొత్తాలు, సగటులు తీసే పనయితే డక్‌డీబీ. రాక్స్‌డీబీ, ఎల్‌ఎండీబీల్లో ఎస్‌క్యూఎల్ (డేటాని ప్రశ్నలడిగే భాష) ఉండదు, కీ, అంటే గుర్తుగా పెట్టిన పేరు, ఇస్తే దాని విలువ ఇస్తాయి, అంతే. మీ పనికి ఇవేవీ అక్కర్లేదు.

ఇక మీరు నిజంగా సమయం పెట్టాల్సింది ఇక్కడ. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీలు (ఒక టేబుల్ వరుసని ఇంకో టేబుల్ వరుసతో ముడిపెట్టే నియమాలు) మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేయాలి. ఇది తెలియక నేను సభ్యుణ్ణి తీసేస్తే అతను తీసుకెళ్లిన పుస్తకాల వరుసలు అనాథల్లా మిగిలిపోయాయి, కనిపెట్టేసరికి రెండు రోజులు పట్టింది. అంకెల కాలమ్‌లో అక్షరాలు పెట్టినా కిమ్మనదు, 2021లో వచ్చిన స్ట్రిక్ట్ టేబుల్స్ వాడితే ఆపుతుంది. పదివేల వరుసలు ఒక్కొక్కటిగా ఎక్కించి టైమ్ చూడండి, తర్వాత అవే ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అన్నీ కలిపి ఒకే మూటగా, పెట్టి చూడండి. ప్రతి కమిట్‌కీ (మార్పుని ఖాయం చేయడానికి) డిస్క్ కోసం ఆగడమంటే ఏమిటో కళ్లారా కనిపిస్తుంది. మధ్యలో ప్రోగ్రాంని బలవంతంగా చంపి, మళ్లీ తెరిచి ఏం మిగిలిందో చూడండి. నడుస్తున్న ఫైలుని అలాగే కాపీ చేసి బ్యాకప్ అనుకోకండి, దానికి వాక్యూమ్ ఇంటూ అనే కమాండ్ ఉంది. ఇవన్నీ మీ మెషీన్ మీద వచ్చిన అంకెలతో సహా ప్రాజెక్టుతో పాటు ఉంచే రీడ్‌మీ ఫైలులో రాయండి. రెజ్యూమెలో కూడా ఉత్త పేరు కాకుండా "సర్వర్ లేకుండా, ఒకే ఫైలుతో, కరెంటు పోయినా లెక్క చెడకుండా" అన్న వరుస పెట్టండి.

మైఎస్‌క్యూఎల్ రాకపోతే ఎలా అన్న భయం ఉంటే, ప్రాజెక్టు అయ్యాక ఒక వారం కూర్చుని ఇవే టేబుల్స్‌ని దాంట్లోకి మార్చి చూడండి. మొదట తేదీల దగ్గరే చిక్కొస్తుంది, ఎందుకంటే ఎస్‌క్యూలైట్‌లో తేదీకి వేరే రకమే లేదు, టెక్స్ట్‌గానో అంకెగానో దాచుకుంటాం. అందుకే ఇప్పటినుంచే ఏడాది-నెల-రోజు వరుసలో రాసుకుంటూ రండి.