కరక్కాయ పొడి కొనుక్కోవాలా, ఇంట్లో దంచుకోవాలా?

నాన్నగారికి మలబద్ధకం, మీకు పొడి దగ్గు, కరక్కాయ వాడదామనుకుంటున్నాం, గింజతో సహా దంచాలా అని అడిగారు. వద్దు, గింజ తీసెయ్యాలి. మందుకు పనికొచ్చేది పైనున్న పెచ్చే.

నాలుగేళ్ల కిందట నేను కొన్న ప్యాకెట్ పొడి నోట్లో వేసుకుంటే ఇసకలా తగిలేది, వగరు మాత్రం అంతంతే. గింజలతో కలిపే మర పట్టించారని నా అనుమానం. అప్పట్నుంచి పచారీ కొట్లో కాయలే తెచ్చుకుంటున్నాను. బరువుగా ఉండి, నిలువు గట్లు స్పష్టంగా కనిపించేవి ఏరుకోండి. సన్న బెజ్జాలుంటే పురుగు పట్టినట్టే. మంచి కాయ నీళ్లలో మునుగుతుందని పాతవాళ్లు చెప్పే పరీక్ష ఒకటుంది, అదీ చేసి చూడొచ్చు.

ఇనుప కల్వంలో మాత్రం దంచకండి. నేను దంచాను. పెచ్చులు కాస్త చెమ్మగా ఉన్నాయేమో, పొడి నల్లబడిపోయింది, వేళ్లకంటిన మరక రెండు రోజులు వదల్లేదు. కరక్కాయకి వగరునిచ్చే టానిన్ అనే పదార్థానికి ఇనుము తగిలితే అంతే. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత పడేదీ ఇలాగే: బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి ఆ నీళ్లతో బొమ్మ గీస్తారు. నేను ఆ కలంకారీ నా వేళ్ల మీదే వేసుకున్నాను. రాతి రోలు వాడండి. అన్నట్టు, మా అమ్మ ఐరన్ మాత్రలు వేసుకునే రోజుల్లో డాక్టర్ని అడిగితే, మాత్ర, కరక్కాయ రెండూ ఒకేసారి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, ఎడం ఇవ్వమన్నారు.

మీ దగ్గుకి పొడి కూడా అక్కర్లేదు. చిన్న పెచ్చు ముక్క బుగ్గన పెట్టుకుని రసం మింగుతూ ఉండండి. ముందు నాలుక మొద్దుబారేంత వగరు, ఆ తర్వాత మంచినీళ్లు తాగితే తియ్యగా ఉంటాయి. గొంతులో గరగర నాకు దీంతోనే సర్దుకుంటుంది. జ్వరం కూడా ఉంటే మాత్రం దీన్ని నమ్ముకుని కూర్చోను.

నాన్నగారికి రాత్రి గోరువెచ్చని నీళ్లతో పావు చెంచాతో మొదలుపెట్టండి. నేను మొదటి రోజే నిండు చెంచా వేసుకుని, మర్నాడు ఆఫీసు బస్సెక్కి రెండో స్టాపులోనే దిగిపోయాను. ఆయన షుగర్ మాత్రలు వాడుతున్నారని రాశారు కదా, రోజూ వెయ్యాలంటే ముందు వాళ్ల డాక్టర్‌కి చెప్పండి. ఇంట్లో గర్భిణులెవరైనా ఉంటే వాళ్లకి అసలు ఇవ్వొద్దు.