జే-1కి డీఎస్-2019 వచ్చింది, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

అమెరికా యూనివర్సిటీలో నాలుగు నెలల రీసెర్చ్‌కి పిలుపొచ్చింది, డీఎస్-2019 (ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్ వీసా అయిన జే-1 కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) చేతికొచ్చింది, వీసా ఇంటర్వ్యూ అంటే భయమేస్తోంది అన్నారు కదా. నేను పీహెచ్‌డీలో ఉండగా ఐదు నెలలకి జే-1 మీద వెళ్లొచ్చానండీ. ఇంటర్వ్యూ సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు ఆ ఫారం తీసి 4వ బాక్సులో కేటగిరీ ఏమని ఉందో చూడండి.

నా దాంట్లో రీసెర్చ్ స్కాలర్ అని వేశారు, నేనూ పేరు, పుట్టిన తేదీ సరిచూసుకుని సంతకం పెట్టేశా, అక్కడే దెబ్బ తిన్నా. ఏడాది తిరక్కుండానే అదే ప్రొఫెసర్ రెండేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి రీసెర్చ్ ఉద్యోగం) ఇస్తానన్నారు, తీరా చూస్తే రీసెర్చ్ స్కాలర్‌గా ఒకసారి ప్రోగ్రామ్ ముగిస్తే మళ్లీ 24 నెలల దాకా అదే కేటగిరీలో వెళ్లడానికి లేదంట. అసలైతే ఐదేళ్ల దాకా ఉండనిచ్చే కేటగిరీ అది, నేను ఐదు నెలలకే ఖర్చు పెట్టేసుకున్నా. అదే షార్ట్ టర్మ్ స్కాలర్ అని వేయించుకుని ఉంటే ఈ 24 నెలల గొడవే ఉండేది కాదు, కాకపోతే అందులో ఆరు నెలలు దాటి ఒక్క రోజు కూడా పొడిగించరు. మీది నాలుగు నెలలే కాబట్టి, రీసెర్చ్ స్కాలర్ అని ఉంటే ఇవాళే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి షార్ట్ టర్మ్ స్కాలర్‌కి మార్చమని అడగండి, వీసా పడ్డాక మార్పించాలంటే చుక్కలు కనిపిస్తాయి.

ఇక రెండేళ్ల రూల్ (పైన చెప్పిన 24 నెలలది కాదు, ఇది వేరే) గురించి అందరూ భయపెడతారు. అది పడితే అమెరికాకే వెళ్లకూడదని కాదు, రెండేళ్లు సొంత దేశంలో ఉండేదాకా హెచ్, ఎల్ (ఉద్యోగాల) వీసాలు, గ్రీన్ కార్డ్ రావు, అంతే, టూరిస్ట్ వీసాకీ ఎఫ్-1 స్టూడెంట్ వీసాకీ అడ్డు లేదు. 5వ బాక్సులో డబ్బు ఎవరిస్తున్నారో చూడండి, ఏ ప్రభుత్వం డబ్బైనా (మనదైనా వాళ్లదైనా) ప్రోగ్రామ్ కోసం వస్తుంటే రూల్ పడుతుంది. రెసిడెన్సీకి (ఆసుపత్రి ట్రైనింగ్‌కి) వెళ్లే డాక్టర్లకి ఎలాగూ తప్పదు. ఇదివరకు స్కిల్స్ లిస్ట్ (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో అమెరికా వేసే జాబితా) వల్ల కూడా చాలామందికి పడేది, 2024 డిసెంబర్ 9న వచ్చిన కొత్త లిస్ట్‌లో ఇండియా పేరు తీసేశారు.

సెవిస్ (విదేశీ విద్యార్థులు, ఎక్స్చేంజ్ విజిటర్ల రికార్డులుండే అమెరికా సిస్టమ్) ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185, రెండూ వేరు వేరు. సెవిస్ కట్టేటప్పుడు డీఎస్-2019 మీద ఎన్‌తో మొదలయ్యే నంబర్ ఒక్కో అంకె చూసి కొట్టండి, రసీదు ప్రింట్ తీసి పెట్టుకోండి.

ఇక ఇంటర్వ్యూ, నాది రెండు మూడు నిమిషాలు. అక్కడ ఏం చేస్తావు అని అడిగితే నేను థీసిస్ టైటిల్ మొత్తం అప్పజెప్పబోయా, వీసా ఆఫీసర్ కీబోర్డ్ మీంచి చేతులు తీసేసి నా మొహం చూశాడు. అప్పుడు "పాత బ్యాటరీల్లోంచి లిథియం తిరిగి తీసే పద్ధతి వెతుకుతున్నాం" అన్నా, మళ్లీ టైప్ చేయడం మొదలెట్టాడు. తిరిగొచ్చి ఏం చేస్తావంటే పీహెచ్‌డీ సబ్మిషన్ మిగిలుంది అన్నా. బానే ఉందనుకునేలోపు 221(జీ) కాగితం (ఇంకా వివరాలు కావాలి, అప్పటిదాకా వీసా ఆపాం అనేది) చేతిలో పెట్టాడు, సీవీ, పబ్లికేషన్ల లిస్ట్, రీసెర్చ్ ప్లాన్ పంపమని. అది తేలడానికి ఐదు వారాలు పట్టింది, ఈలోపు ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీ కాస్తా దాటిపోయింది, తేదీ మార్చి కొత్త డీఎస్-2019 తెప్పించుకోవాల్సి వచ్చింది. మీది సైన్స్ సబ్జెక్ట్ అయితే ఈ మూడూ ముందే రెడీగా పెట్టుకోండి, టికెట్ మాత్రం వీసా స్టాంప్ పడ్డాకే. ఎలాగూ ప్రోగ్రామ్ తేదీకి 30 రోజుల కంటే ముందు దిగనివ్వరు.

ఇన్సూరెన్స్ చవగ్గా దొరికింది కదా అని ఏదో ఒకటి కొనేయకండి, ఒక్కో జబ్బుకి లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి, డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సింది) 500 డాలర్లు దాటకూడదు.

4వ బాక్సులో ఏముందో చూసి చెప్పండి, యూనివర్సిటీకి మెయిల్ ఎలా రాయాలో అప్పుడు చూద్దాం.